అరవయ్యో కవరు

డాక్టర్ ఆశ్రిత థీసిస్‌కి ఇంకొక్క సంతకం కావాలి. యాభై తొమ్మిది మంది పేషెంట్లు అయ్యారు. అరవయ్యో మనిషి ఇవాళ దొరక్కపోతే గడువు దాటిపోతుంది, పరీక్ష ఆరు నెలలు వెనక్కి పోతుంది.

ఆ అరవయ్యో మనిషి బాపయ్య. ప్రత్తిపాడు దగ్గర మిరప రైతు. గాల్‌బ్లాడర్‌లో రాళ్లకి ఆపరేషన్. పాపం, అడగ్గానే పెన్ను కూడా అందుకున్నాడు.

ఆశ్రిత తన పాఠం మరోసారి అప్పజెప్పింది. ఆపరేషన్‌లో కండరాలు వదులవడానికి ఒక మందిస్తారు. అయ్యాక దానికి విరుగుడు ఇస్తారు. ఆ విరుగుడు గుండె వేగాన్ని మరీ తగ్గించేస్తుంది. అలా జరక్కుండా దానికి తోడుగా ఇంకో మందు వేస్తారు. అందుకు రెండు మందులున్నాయి, ఏది మేలో చూడ్డమే ఆమె పని. ఎవరికి ఏది వెయ్యాలో సీలు వేసిన కవరులో ఉంటుంది.

"వాటి పేర్లేంటి డాక్టరమ్మా?" అన్నాడు బాపయ్య.

ఇంతవరకూ ఎవరూ అడగలేదు. ఆమెకు ముచ్చటేసింది. ఒకటి గ్లైకోపైరోలేట్, రెండోది అట్రోపిన్ అని చెప్పింది.

బాపయ్య పెన్ను కింద పెట్టేశాడు. "అట్రోపిన్ నాకొద్దు."

ఎందుకంటే, కిందటేడు మిరపకోతలప్పుడు నాలుగు రోజులు ఇదే ఆసుపత్రిలో ఉన్నాననీ, ఆ మందు సంగతి తనకు తెలుసనీ అన్నాడు. పక్కన స్టూలు మీద కూర్చున్న భార్య కోటేశ్వరమ్మ తల దించుకుంది.

మందు పడలేదేమోనని ఆశ్రిత కంగారుపడింది. వెళ్లి పాత రికార్డులన్నీ వెతికించింది. ఆయన పేరు ఎక్కడా లేదు. ఆమెకు ఒళ్లు మండిపోయింది. భయపడితే భయమని చెప్పొచ్చుగా, ఈ కథలెందుకు అనుకుంటూ తిరిగొచ్చింది.

"మీరసలు ఇక్కడ చేరనేలేదు బాపయ్యగారూ. వేసేది ఒకే ఒక్క ఇంజెక్షన్. దానికింత భయమా?"

కోటేశ్వరమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"భయం కాదమ్మా, మా అబ్బాయి పురుగుమందు తాగినప్పుడు నాలుగు రోజులూ విరుగుడుగా వందలకొద్దీ ఎక్కించింది ఆ మందే, ఆఖర్న అదైపోతే నేను షాపులన్నీ తిరిగొచ్చేసరికి వాడు లేడు, అందుకని నాకెయ్యబోయే ఆ ఒక్కటీ ఇంకెవరి బిడ్డకన్నా ఉంచండి."