నిండని తొట్టి

వారం రోజులుగా జానకిరామయ్య కొత్త మిషన్‌తో కుస్తీ పడుతున్నాడు. ఇల్లు బందరు కాలువ పక్కనే కావడంతో వానాకాలం గోడలన్నీ చెమ్మ. గాలిలోని తేమ లాగేస్తుందని ఆ మిషన్ కొన్నాడు. కానీ ఏ పొద్దున చూసినా దాని తొట్టిలో అరగ్లాసు నీళ్లు కూడా ఉండటం లేదు.

రిటైరైన ఫిజిక్సు లెక్చరరు కదా, ఊరుకోలేదు. ఫిల్టరు కడిగాడు. కిటికీ సందుల్లో పాత పంచెలు కుక్కాడు. గంటగంటకూ తేమ కొలిచి పుస్తకంలో రాశాడు. చివరికి మెకానిక్‌ను పిలిచాడు.

ఆ పుస్తకం తేవడానికి ఆయన లోపలికి వెళ్లగానే మెకానిక్ తొట్టి ఎత్తి చూపించాడు.

"పైదాకా నీళ్ల చార ఉందండీ. ఇది రోజూ నిండుతోంది. ఎవరు పారబోస్తున్నారు?"

"నేనేనయ్యా," అంది భార్య రమాసుందరి గొంతు తగ్గించి. "రిటైరైన దగ్గర్నుంచీ వంటింట్లో నా పక్కనే నిలబడి పోపు ఎలా వెయ్యాలో చెబుతున్నారు. ఈ వారమే అటు రాలేదు."

జానకిరామయ్య పుస్తకంతో వచ్చాడు. మెకానిక్ మూడు పేజీలు శ్రద్ధగా తిరగేశాడు.

"జబ్బు లోపలెక్కడో ఉందండీ. ఓ నెల్లాళ్లు మీరే దగ్గరుండి కనిపెట్టాలి."

"నేనూ అదే అనుకున్నాను," అన్నాడు జానకిరామయ్య తృప్తిగా.