తొట్టిలో పన్నెండు

"మూడు గంటలకు మందు పోసేస్తాం తాతా. ఇక ఆపడం నా చేతిలో లేదు" అన్నాడు చేపల ఆఫీసరు, జాలరి ఇంటి అరుగు మీంచి చెరువు గట్టున దించిన డ్రమ్ములకేసి చూస్తూ.

"రిపోర్టు రాకుండానే?" అన్నాడు జాలరి.

"రిపోర్టు వచ్చినా మందు ఆగదు. చెరువు నిండా సంకరమే. ఎవరో బయటి చేపను తెచ్చి వదిలారు, అది మన చేపతో కలిసిపోయింది. ఇప్పుడున్నవన్నీ చావాల్సిందే. ఆ తర్వాత అచ్చమైన జంట ఉంటే తెచ్చి వదులుతాం. ఆడది మా ఆఫీసు తొట్టిలో ఉంది. నువ్వు పట్టిన పన్నెండిట్లో మగది ఒక్కటన్నా తేలాలి."

"తేలకపోతే?"

"మన చేప ఇక బొమ్మల్లోనే."

జాలరి కూర్చోలేకపోయాడు. నెల రోజులు వలేస్తే, పడ్డవాటిలో ఆఫీసరు పరీక్షకని ఏరి ఉంచమన్నవి పన్నెండు. పెరటి తొట్టిలో ఉన్నాయి. ఒక్కోదాని రెక్కకు ఒక్కో నంబరు బిళ్ళ. రెక్క అంచు ఇంత కత్తిరించి పరీక్షకు పంపి తొమ్మిది రోజులైంది. గుమ్మందాకా వెళ్ళాడు, వచ్చాడు. మళ్ళీ వెళ్ళాడు.

"కాలుగాలిన పిల్లిలా ఏంటయ్యా ఆ తిరుగుడు? ఆఫీసరు బాబు ఆకలితో ఉన్నాడు. ఇద్దరూ కూర్చోండి" అంటూ భార్య కంచాలు పెట్టింది.

ఆఫీసరు నాలుగు ముద్దలు గబగబా తిన్నాడు. "చేప భలే ఉందమ్మా. ఇంకో ముక్క వెయ్యి. ఎక్కడిదిది?"

"తినేటప్పుడు ఇంటిపేర్లు అడక్కూడదు బాబూ" అని వడ్డించింది.

జాలరి అన్నం కలిపాడు గానీ ముద్ద నోటికి పోలేదు. "ఒకటీ, ఐదూ అచ్చమైనవి సార్. నలభై ఏళ్ళ చూపు నాది. ఆ ఏడోదుంది చూశారూ, మూతి లావుది, అది మటుకు సంకరం. రాసిస్తా."

"నీకు రాయడం వచ్చా తాతా?"

"వేలిముద్ర వేసిస్తా."

ఫోను మోగింది. ఆఫీసరు ఎడంచేత్తో అందుకున్నాడు.

"చెప్పు... ఒకటి సంకరం. రెండు సంకరం. మూడు, నాలుగు కూడా... ఐదు సంకరం."

"మళ్ళీ అడగండి సార్."

"ఆరు సంకరం." అంతలో ఆఫీసరు దిగ్గున లేచాడు. "ఏంటీ? మళ్ళీ చెప్పు... తాతా! ఏడు అచ్చమైనది! వయసు మీరిన మగవాటికి మూతి లావెక్కుతుందట! మిగతావన్నీ పోయినా పర్లేదు, ఇదొక్కటి చాలు!"

జాలరి ఎంగిలి చేత్తోనే పెరట్లోకి పరుగెత్తాడు. తొట్టి కెలికాడు. బిళ్ళలు ఒక్కొక్కటే తిప్పి చూశాడు. మళ్ళీ మొదటినుంచి చూశాడు. పదకొండే ఉన్నాయి.

"ఏమే! ఏడోది ఏదీ?" అని అక్కణ్ణుంచే అరిచాడు.

ఆమె గరిటె పట్టుకుని గుమ్మంలోనే ఆగిపోయింది.

"నాకు నంబర్లేం తెలుసు? ఆ లావు మూతిది ఎందుకూ పనికిరాదు, ఎలాగూ చచ్చేదేనని పొద్దున నువ్వేగా అన్నావు" అంది. ఆఫీసరు కంచంలో ముళ్ళకేసి చూసి గొంతు తగ్గించింది. "బాబు ఇంకో ముక్క అడిగి వేయించుకుంది దాన్నే."