నవ్వించిన గొంతు

"సద్ది విప్పకపోతివి, చెప్పు తొడగకపోతివి, ఏడికి ఉరికితివిరా కొడుకా!"

ఫోన్‌లో పాట మోగగానే ఆఫీసంతా నవ్వింది.

హైటెక్ సిటీలో ఎవరు రాజీనామా చేసినా ఇప్పుడు ఆ పాటతోనే సాగనంపుతున్నారు.

దానికి అంత పేరు తెచ్చింది సాయిచంద్. పగలు కోడింగ్, తీరిక దొరికితే టీవీ కామెడీ షోకు స్కిట్లు. ఎవరో ఫోన్‌కు పంపిన ఒక ముసలి గొంతుకు వేగం పెంచి, డప్పు జోడించి, భార్యకు భయపడి పరుగెత్తే భర్త వెనుక వినిపించాడు.

జనం పడిపడి నవ్వారు.

ఆ మధ్యాహ్నం గేటు దగ్గర ఒక వృద్ధురాలు అతని కోసం నిలబడి ఉంది.

"ఆ పాట టీవీల పెట్టినోనివి నువ్వేనా బిడ్డా?"

"నేనే అమ్మా. ఫొటో దిగుతవా?"

"ఆ గొంతు నాది. పుప్పాలగూడ భాగ్యమ్మను."

వెంట వచ్చిన సహోద్యోగిని రేఖ అతని చెవిలో గొణిగింది. "జర చూసి మాట్లాడు. కేసు గీసు అంటదేమో."

"ఏం కావాలె అమ్మా?"

"బంద్ చెయ్యి. అది నవ్వుల పాట కాదు. పీనుగ ముందర పెట్టిన శోకం."

సాయిచంద్ ముఖంలో నవ్వు చెదిరింది.

"దినాలైనంక శోకం పెట్టొద్దు బిడ్డా. పోయినోన్ని పిలిచినట్లయితది. ఇప్పుడు ఏ ఫోన్ల జూసినా నేను పిలుస్తనే ఉన్న. వాడు పోలేక, రాలేక ఎంత పరేషానైతుండో!"

"నీ కొడుకా?"

"గా దినం నాకు కొడుకే."

"షో వాళ్లతోని మాట్లాడత" అన్నాడు.

మాట్లాడలేదు. నవ్వే పాటను ఎవరాపుతారులే అనుకున్నాడు.

కానీ ఆనాటి నుంచి ఆ పాట అతనికి నెమ్మదిగా వినిపించసాగింది. లిఫ్టులో, క్యాంటీన్‌లో అందరూ నవ్వుతుంటే, అతని చెవిలో ఎవరో ఏడ్చేవారు. మెట్లు దిగుతుంటే, పిలుపు విని వెనుదిరిగినట్లు ఎవరిదో అడుగుల చప్పుడు పైమెట్ల మీద ఆగేది.

తాళలేక షో వాళ్లను బతిమాలి ఆ స్కిట్ తీసేయించాడు.

ఆ మాట చెప్పాలని పుప్పాలగూడకు వెళ్ళాడు. అపార్టుమెంట్ల నడుమ ఇరుకు సందు. ఆమె గదికి తాళం.

"పానం పోయింది సార్, మొన్ననే" అన్నాడు పక్కింటి ఐలయ్య.

సాయిచంద్ గోడకు చేయి ఆనించాడు.

"కొడుకు దగ్గరికే పోయింది" అన్నాడు మెల్లగా.

"కొడుకేంది? ఆమెకు పిల్లలే లేరు."

"మరి ఆ శోకం?"

ఐలయ్య అతని మెడలోని ఐడీ కార్డును కాసేపు చూశాడు.

"మీ అద్దాల బిల్డింగు కట్టేటప్పుడు, పరాయి రాష్ట్రపు కూలి పోరడొకడు పైనుంచి పడ్డడు సార్, పేరు గూడ ఎవ్వరికి ఎరుకలేదు, ఏడుపు లేకుంట పీనుగ లేవొద్దని, ఇటుకలు మోసే భాగ్యమ్మ తట్ట దించి, వానికి తల్లయ్యింది."