తప్పు జవాబుల ఉద్యోగం

ప్రశ్నలూ సరైన జవాబులూ యంత్రాలే రాసేస్తాయి. పిల్లలు నిజంగా పొరబడే తప్పు జవాబులు మాత్రం వాటికి తోచవు. అందుకే, ఆరేళ్ల పిల్లల్లో మేధావులను ఏరే తర్కం పరీక్ష కోసం సరైన జవాబు పక్కన పెట్టేందుకు రోజుకు అరవై తప్పులు రాసే ఉద్యోగం నాకు దొరికింది. ఆ పరీక్ష ఒక్కసారే రాయనిస్తారు. నెగ్గినవాళ్లకే పెద్ద బడి.

మధ్యాహ్నానికల్లా నా బుర్ర మొద్దుబారిపోతుంది. అప్పుడు మా ఆరేళ్ల ఇందుజను అడుగుతాను.

ఒకరోజు పప్పు ఎనుపుతూ అడిగాను. “వానకు గొడుగు, చలికి దుప్పటి. మరి చీకటికి ఏంటే?”

“చెయ్యి. కరెంటు పోతే ముందు నీ చెయ్యేగా పట్టుకుంటాను!”

నవ్వొచ్చింది. సరైన జవాబు దీపం. దాని పక్కన ‘చెయ్యి’ అని రాసి పంపాను. చక్కటి ఉచ్చు అని పైవాళ్లు మెచ్చుకున్నారు.

నిన్న ఇందుజ ఆ పరీక్ష రాసి, గేటు బయట ఉన్న నా దగ్గరికి ఎగురుకుంటూ వచ్చింది.

“అమ్మా, మన చెయ్యి వచ్చింది! నేను నీకు చెప్పినవి ఇంకా చాలా వచ్చాయి. అన్నీ అవే పెట్టేశాను.”

“అవే ఎందుకు పెట్టావే?”

“నువ్వు నవ్వుకుంటూ రాసుకున్నావుగా. కరెక్టేగా?”

నేను రాసుకునేవి తప్పులని దానికి ఏనాడూ చెప్పలేదు.

“కరెక్టే,” అన్నాను.

బస్సు ఎక్కామో లేదో ఫోనులో మర్నాటి అరవై ప్రశ్నలు వచ్చిపడ్డాయి. ఇందుజ నా చెయ్యి పట్టుకుంది.

“చదువమ్మా. అలిసిపోయావుగా, నేను చెబుతాలే.”