నాలుగు పూటల హాజరు

కోరుట్ల క్లాసుల రిజిస్టరులో గోవర్ధన్ పేరు వెతికి, పక్క గడిలో రాజలింగమే సంతకం పెట్టాడు. కొడుకు పేరే, అక్షరం అక్షరం కూడబలుక్కుని.

బల్ల దగ్గరున్న అమ్మాయి అతని నెరిసిన గడ్డం చూసి నవ్వాపుకుంది. "స్టూడెంటువు నువ్వేనా బాపూ?"

"మా పిలగాని బదులు అచ్చిన బిడ్డా. వానికి వీలు కాలే."

వాళ్ల సిరిసిల్ల నేత కార్మికుల్లో అది మామూలే. ఒకడికి జ్వరమొస్తే వాడి మరమగ్గాన్ని, అదే సాంచెను, ఇంకొకడు నడుపుతాడు. పుస్తకంలో మాత్రం రానివాడి పేరే ఎక్కుతుంది. ఇరవై ఏళ్లలో రాజలింగం అలా ఎంతమందికి నిలబడ్డాడో. కన్నకొడుక్కి నిలబడలేడా?

గోవర్ధన్‌ను శుక్రవారం పొద్దున సాంచెల షెడ్డు ముందే పోలీసులు జీపెక్కించారు. డిగ్రీ చదివే పిల్లవాడు. నక్సలైట్లతో, అదే అన్నలతో తిరుగుతున్నాడని ఎవరో చెప్పారట. రాజలింగం సాయంత్రం దాకా ఠాణా గేటు పట్టుకుని నిలబడితే, అలాంటివాణ్ని తేనే లేదన్నారు. చివరికి ముసలి జమేదారు పక్కకు పిలిచాడు.

"మీవోని జేబుల కోరుట్లల చట్టం, హక్కుల క్లాసులకు పేరిచ్చిన కార్డు దొరికింది. అవి అన్నలకు గిట్టని క్లాసులు. గవి పూర్తి చేసిన సర్టిఫికెట్టు తెస్తే మా సార్ మనసు మెత్తబడొచ్చు. ఎవలకు చెప్పకు."

అందుకే పిచ్చి తండ్రి తెల్లారేసరికి కోరుట్ల బస్సెక్కాడు. శని, ఆదివారాలు రెండు రోజులు, నాలుగు పూటలు. ఒక్క పూట తప్పినా సర్టిఫికెట్టు రాదు.

పాఠం చెప్పేది కథలాపూర్ వకీలు శశిధర్ రావు. ఒకప్పటి దొరల ఇంటి మనిషే.

"మనిషి బతుకు మీద హక్కు ఆ మనిషిదే. సర్కారుది కాదు, సంఘానిది కాదు. ఎవరినైనా పట్టుకుంటే ఇరవై నాలుగు గంటల్లో జడ్జి ముందు నిలబెట్టాలి."

రాజలింగం ఆ మాట కొడుకు నోట్‌బుక్కులో రాసుకుని కింద గీత గీశాడు. కాసేపటికి లేచి నిలబడ్డాడు.

"నిలబెట్టకపోతే, సారూ?"

గదిలో పిల్లలంతా వెనక్కి తిరిగారు. వకీలు అతన్ని తేరిపార చూశాడు.

"కోర్టుకు పోవాలె. ఏ రోజు పట్టుకపోయిన్రో రుజువుండాలె, గంతే."

కొడుకు సంగతి చెప్పకుండానే రాజలింగం కూర్చున్నాడు. జమేదారు చెప్పొద్దన్నాడు కదా.

ఆదివారం సాయంత్రం నాలుగో సంతకం పెట్టి, కొడుకు పేరు మీద సర్టిఫికెట్టు తీసుకున్నాడు. నలగకుండా నోట్‌బుక్కులో పెట్టుకుని, బస్సు దిగీ దిగగానే ఠాణాకు పోయి జమేదారు చేతిలో పెట్టాడు.

"సార్‌కు చూపిస్త. రేపు రా."

ఇంటికొచ్చి భార్య రుక్కమ్మకు చెప్పాడు. "రేపు అస్తడే. వానికి అంగీ ఉతికి పెట్టు."

మర్నాడు పేపర్లో గోవర్ధన్ ఫొటో వచ్చింది. ఆదివారం రాత్రి బీర్పూర్ అడవిలో ఎదురుకాల్పులట. రుక్కమ్మ ఉతికిన అంగీని శవానికి తొడిగారు.

సంగతి తెలిసి శశిధర్ రావే వచ్చి పోలీసుల మీద కేసు వేశాడు. శుక్రవారం జీపును చూసిన ఎనిమిది మంది నేత కార్మికులు భయపడకుండా కోర్టుకొచ్చి సాక్ష్యం చెప్పారు. న్యాయం జరుగుతుందని రాజలింగానికి మొదటిసారి నమ్మకం కుదిరింది.

అప్పుడు సర్కారు వకీలు లేచాడు.

శుక్రవారమే పట్టుకుపోయారంటున్న పిల్లవాడు శని, ఆదివారాలు నాలుగు పూటలూ కోరుట్లలో కూర్చుని పాఠాలు విన్నాడనడానికి రుజువుగా ఆయన జడ్జికి అందించింది, రాజలింగం ఠాణాలో ఇచ్చి వచ్చిన సర్టిఫికెట్టే.