కొత్త కుచ్చు

"ఇవాళా? కుదరదమ్మాయ్," అన్నాడు మేస్త్రి తలెత్తకుండానే.

ఆ వీధిలో అందరూ ఆయన్ని గొణుగుడు మేస్త్రి అంటారు. గొడుగులు, పెన్నులు, కళ్ళజోళ్ళు, బ్రష్షులు... చిన్న వస్తువు ఏది పాడైనా బాగుచేస్తాడు. చేసినంతసేపూ ఆ వస్తువునీ, దాన్ని తెచ్చినవాళ్ళనీ తిడుతూనే ఉంటాడు.

ఆమె బల్ల మీద పెట్టింది గడ్డం గీసుకునే బ్రష్షు. బరువైన ఇత్తడి పిడి. కుచ్చు మాత్రం సగం ఊడిపోయింది. మిగతా సగం సబ్బు పేరుకుని కట్టెలా అయిపోయింది.

"సాయంత్రంలోగా కావాలి బాబాయ్. మీకు దణ్ణం పెడతాను."

"పాతది పీకాలి, లోపలి జిగురు గీకాలి, కొత్త కుచ్చు కూర్చోబెట్టాలి. ఆరడానికే రేపటిదాకా పడుతుంది. నాకేమన్నా మంత్రాలొచ్చనుకున్నావా? బజార్లో కొత్తది కొనుక్కోరాదూ?"

"ఇది మా మామగారిది. పారేద్దామంటే చేతులు రావట్లేదు. మా ఆయన వచ్చాక ఇది కనబడకపోతే ఊరుకోరు."

"ఎక్కడున్నాడేంటి మీ ఆయన?"

"ఓడలో ఉద్యోగం. వెళ్ళి చాలా నెలలైంది."

"ఓహో! అదన్నమాట తొందర!" మేస్త్రి మొదటిసారి నవ్వాడు. "ఇంట్లో పిల్లలూ, పెద్దలూ..."

"ఎవరూ లేరు. ఆయనకి ముందూ వెనకా ఎవరూ లేరు. నాకు ఆయనొక్కరే బాబాయ్."

మేస్త్రి స్టౌ వెలిగించి నీళ్ళు పెట్టాడు. గొణుగుడు మాత్రం ఆపలేదు.

"పిడి మొత్తం మరిగించండి," అందామె.

"మొత్తమా? ఈ నిగనిగ చూశావా? రెండు తరాల చేతులు పట్టుకుంటే వచ్చింది. మరిగించి తోమితే పోతుంది."

"పోనీండి. గట్టిగా తోమండి. కొత్తదానిలా ఉండాలి."

"నీలాంటివాళ్ళకి పాత వస్తువులెందుకమ్మా!" అని విసుక్కుంటూనే దాన్ని నీళ్ళలో వేశాడు.

పట్టకారుతో కుచ్చు పట్టి లాగాడు. రాలేదు. మెలితిప్పాడు. అయినా కదల్లేదు. "మొండిఘటం," అన్నాడు. బ్రష్షునన్నాడో ఆమెనన్నాడో ఆయనకే తెలియాలి.

చివరికి ఊడొచ్చింది. వెంట్రుకలు బల్లంతా రాలాయి. ఆయన వాటిని చెత్తబుట్టలోకి ఊడ్చబోతే ఆమె గబుక్కున చెయ్యి పట్టుకుంది.

"అవి నాకివ్వండి."

ఒక్కొక్కటీ ఏరుకుంది. బల్ల కింద వంగి కూడా వెతికింది. అన్నీ చేతిరుమాల్లో మూటకట్టింది. మేస్త్రి నోట్లోని తిట్టు నోట్లోనే ఆగిపోయింది.

"అదృష్టవంతుడమ్మా మీ ఆయన," అన్నాడు మెల్లగా.

అంతే, ఆమె భోరుమంది. ఆయన కంగారుపడిపోయాడు. మంచినీళ్ళిచ్చాడు. మిగతా పని కిక్కురుమనకుండా చేశాడు. ఆ వీధిలో అలాంటి వింత ఎవరూ చూసి ఉండరు.

తెల్లటి కొత్త కుచ్చుతో, తళతళలాడే పిడితో బ్రష్షు చేతికిచ్చి, "జిగురింకా పచ్చిగానే ఉంది. ఇవాళ తడిపితే ఊడొస్తుంది, జాగ్రత్త," అన్నాడు.

"ఇవాళ తడపంలెండి."

"మరి ఇవాళే కావాలని నా ప్రాణం తోడేశావెందుకు?"

ఆమె అప్పటికే సగం వీధి దాటేసింది.

ఇంటి దగ్గర పక్కింటి వదిన గోడ మీంచి తొంగి చూస్తోంది. పెరటి తీగ నిండా మగవాళ్ళ చొక్కాలు, దుప్పట్లు, దిండు గలీబులు వేలాడుతున్నాయి.

"పొద్దున్నుంచీ ఇల్లు కడుగుడే కడుగుడు, బట్టలు ఉతుకుడే ఉతుకుడు! మీ ఆయనొస్తున్నట్టు ఒక్క ముక్క చెప్పలేదే దొంగా!"

"వస్తారు వదినా."

"ఎప్పుడే?"

"వస్తారు. అంతే!" ఎవరో కాదన్నట్టు అరిచింది. గబగబా లోపలికెళ్ళి తలుపేసుకుంది.

కాసేపటికి వంటింట్లోంచి కమురు కంపు వచ్చింది. "ఏం తగలబెట్టావే?" అని వదిన కేకేసింది.

లోపల ఆమె బ్రష్షుని అద్దం ముందు దాని చోట్లో పెట్టింది. దువ్వెన, తువ్వాలు, టోపీ, అన్నీ ఇంకోసారి చూసుకుంది. దేవుడా, ఇంకేమీ మర్చిపోలేదు కదా అనుకుంది. ఆయన తప్పకుండా వస్తారు. ఈ ఒక్క సాయంత్రం గట్టెక్కితే చాలు.

తలుపు చప్పుడైంది. ముఖం తుడుచుకుని వెళ్ళి తీసింది.

గుమ్మంలో నిలబడ్డ పోలీసాయన టోపీ తీసి, పొద్దున కబురు పంపినట్టే, తీరానికి కొట్టుకొచ్చిన ఆ ఆనవాలు పట్టలేని శవం ఆమె భర్తదో కాదో పరీక్ష చేసి తేల్చడానికి ఆయన వెంట్రుక ఒక్కటైనా అంటుకుని ఉన్న వస్తువు ఏదైనా ఇమ్మని అడిగితే, ఆమె లోపలికెళ్ళి ఆ బ్రష్షు తెచ్చి పోలీసాయన చేతిలో పెట్టింది.