రెండు మైళ్లకు విమానమా!

"రెండు మైళ్లయినా లేదు. దానికి విమానమా!" అన్నాడు మాన్సీ, విమానం రెక్క కిందే నిలబడి.

"సముద్రం రేగి పడవలు కట్టేశారు కాబట్టి విమానం. ఈదుకుంటూ వస్తానంటే చెప్పు, తువ్వాలు పట్టుకుని ఒడ్డున నిలబడతాను," అంది భార్య తోరా.

వెస్ట్రే దీవిలో లేచిన విమానం ఎదుటి పాపే దీవిలో రెండు నిమిషాలకల్లా వాలుతుంది. వెనక నుంచి గాలి తోస్తే అంత కూడా పట్టదు. మాన్సీకి మేజోళ్లలో రెండోది దొరకడానికి ఇంకా ఎక్కువసేపు పడుతుంది.

ఇల్లంత కెరటాల మధ్య జీవితమంతా పీతలు పట్టినవాడతను. కాలు నేలమీదైనా ఉండాలి, నీళ్లమీదైనా ఉండాలి. గాలిలో మాత్రం ఉండకూడదు. అదే అతని మతం.

కానీ ఇవాళ పాపేలో కూతురు ఇంగా పెళ్లి. చర్చిలో చెయ్యి పట్టుకుని నడిపించాల్సింది తండ్రి.

"ఎక్కుతా. కానీ అది నేల వదిలేలోపు నేను వద్దంటే దింపెయ్యాలి. మాటంటే మాటే."

"సరేనయ్యా, మాటే. ముందు ఎక్కి చావు."

బుల్లి విమానం. వీళ్లిద్దరూ కాక పైలట్ ఒక్కడే. బెల్టు బిగించగానే మాన్సీ ఉన్ని టోపీని ముక్కుదాకా లాక్కున్నాడు. ఇంజను మోగింది. సీటు, పళ్లు, ఎముకలు అన్నీ కలిసి వణికాయి.

"ఎగిరిందా?"

"ఎక్కడ! ఇంకా పాకుతోంది."

"ఈ చొక్కా పీక నొక్కేస్తోందే."

"మన పెళ్లినాటి చొక్కా. అది అలాగే ఉంది, నీ మెడే పెరిగింది."

"మీ అన్న చూడు, నిన్ననే పడవెక్కి తప్పించుకున్నాడు."

"మనమూ వెళ్దామన్నాను. 'రేపు సముద్రం పిల్లిలా పడుకుని ఉంటుంది' అన్న మహానుభావుడెవరో!"

మాన్సీ కడుపులో ఏదో గుప్పున పైకి లేచింది.

"ఎగిరిందా?"

"గాలికి ఊగుతోందంతే. ఎగిరితే నేను చెప్పనా?"

నేలమీదే ఇంత ఊగితే పైన ఎలా ఉంటుందో! అతను తోరా చేతిని గోళ్లు దిగేలా పట్టుకున్నాడు. అంతలో చక్రాల కింద గులకరాళ్లు దడదడలాడాయి.

"అమ్మో, పరుగు మొదలెట్టింది! వద్దు! ఆపించు! మాటిచ్చావు!"

తోరా ఎప్పట్లా తిట్టలేదు. బతిమాలనూ లేదు. అది అతనికి కాస్త వింతగానే తోచింది.

"ఆపు నాయనా. ఈయన దిగుతాడట."

"అలాగే పిన్నీ," అన్నాడు పైలట్. గొంతులో ఏదో అడ్డం పడ్డట్టుంది, తెగ దగ్గాడు.

విమానం ఆగింది. మాన్సీ టోపీ తీయకుండానే, పడవ నిచ్చెన దిగినట్టు వెనక్కి తిరిగి, మెట్టు తడుముకుంటూ దిగాడు. బూట్ల కింద గట్టి నేల తగిలింది.

ఎగరనన్నాడు, ఎగరలేదు. గెలిచాడు. గెలిచినట్టు మాత్రం లేదు. ఇంగాను ఇంకెవరో నడిపిస్తారు. ఆ పిల్ల చర్చి గుమ్మంలో నిలబడి సముద్రంవైపు చూస్తూనే ఉంటుంది.

"మీ నాన్న ఉత్త పిరికివాడని, క్షమించమని దానికి చెప్పు తోరా," అని గొణిగాడు.

"నువ్వే చెప్పుకో నాన్నా, ముందా టోపీ తియ్యి," అంటూ, పెళ్లిముసుగు గాలికి కొట్టుకుపోకుండా ఒక చేత్తో పట్టుకున్న ఇంగా రెండో చేతిని అతని చంకలోకి దూర్చింది.